పెరట్లో ఏ కోడిని ఉంచుకోవాలి?

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా నల్లమాడలో జరిగిన మన సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం కలుసుకున్నప్పుడు కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్లు, ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "ఆ సంగతులు చెప్పడానికి మేమున్నాం. మీరు మీ కోళ్ళ రిజిస్టరు సంగతి చెప్పండి. పల్లెల్లో ఉన్న మన సభ్యుల ఇళ్ళల్లో కోళ్ళు లేని ఇల్లు ఎన్ని?" అన్నారు. మొదట నవ్వులాటకు అంటున్నారనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గర చాలాకాలంగా మిగిలిపోయి ఉందనిపించింది.

నేను పశువైద్యుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. ఫైళ్ళు చూసిన కళ్ళతోనే కోళ్ళనూ చూశాను. దానివల్ల కొంత మేలు జరిగింది. ఒక పెద్ద పొరపాటూ జరిగింది. రెండూ మీ ముందుంచుతాను.

మన నేల, మన కోడి

మన నల్లమాడ 2022 ఏప్రిల్ 4 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారింది గానీ వాన మారలేదు. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసి, మిగిలిన నాలుగు చినుకులతో మన దగ్గరికొస్తుంది. ఈశాన్య మేఘం సముద్రతీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి నీరసపడుతుంది. పలచటి ఎర్రమట్టి, వాన మీద ఆధారపడ్డ శెనక్కాయ. పంట పోయిన ఏట వయసులో ఉన్నవాళ్ళు బెంగళూరు బస్సెక్కుతారు. ఇళ్ళల్లో మిగిలేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, మేకలు, కోళ్ళు.

అందుకే మన పల్లెల్లో కోడి అంటే ఆడవాళ్ళ చేతి డబ్బు. శెనక్కాయ డబ్బు అప్పులవాళ్ళకు పోతుంది. కోడి డబ్బు పిల్లల పుస్తకాలకు, మాత్రలకు, పొదుపు సంఘం కంతుకు పోతుంది. ఆ డబ్బుకు మగవాడు లెక్క అడగడు. అడగకపోవడమే మంచిదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను.

ఇక సమస్య ఏమిటంటే, మంచి వానలు పడిన ఏడు పిల్లలు బాగా నిలుస్తాయి. శెనక్కాయ పెరికే నాటికి ఎనిమిది కోళ్ళున్న ఇంట్లో ఇరవై అయిదు తిరుగుతుంటాయి. కళ్ళాల్లో గింజ, పొలాల్లో పురుగు ఉన్నంతకాలం వాటికి మనం పెట్టేదేమీ ఉండదు. శివరాత్రి దాటాక అసలు లెక్క మొదలవుతుంది. పొలంలో గింజ ఉండదు, పచ్చి ఉండదు. ఒక్కో కోడికి రోజూ ఒక పిడికెడు, అంటే ఇంచుమించు 40 గ్రాములు, వేసినా ఇరవై అయిదింటికి రోజుకు కిలో. ఏడాది పొడవునా వేయాల్సి వస్తే దగ్గర దగ్గర నాలుగు క్వింటాళ్ళు. బోరు ఎండిన ఊళ్ళో వాటికి నీళ్ళూ మనమే మొయ్యాలి. ఎండలో కోడి మామూలుకంటే రెండింతలు తాగుతుంది. కాబట్టి కళ్ళం అయిన తర్వాత, శివరాత్రికి ముందు, ఏవి ఉంచుకోవాలి, ఏవి అమ్మాలి అనేది తేల్చుకోక తప్పదు. తేల్చుకోకపోతే వేసవే తేలుస్తుంది. అది మనల్ని అడిగి తేల్చదు.

నేను చేసిన తప్పు

ఉద్యోగం వదిలాక నాకు పొద్దుపోక మా ఆవిడ కోళ్ళ మీద పడ్డాను. పుస్తకాలు తెప్పించి చదివాను. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థవారు వనరాజా, గ్రామప్రియ అనే పెరటి కోళ్ళను తయారుచేశారు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంవారిది గిరిరాజ. మన నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గ్రామప్రియ వంటిది పెరట్లోనే 150 పైచిలుకు పెడుతుంది. ఈ లెక్క చూశాక నాకు నాటు పెట్ట పనిదొంగలా కనిపించింది. పన్నెండు గుడ్లు పెడుతుంది. ఇరవై ఒక్క రోజులు పొదుగుతుంది. ఆ పైన రెండు మూడు నెలలు పిల్లల వెంట తిరుగుతుంది. ఆఫీసు భాషలో చెప్పాలంటే ఏడాదిలో ఎక్కువ భాగం సెలవులోనే ఉంటుంది.

2012లో మేలుజాతి పిల్లలు పది తెచ్చాను. గుడ్లు బాగానే పెట్టాయి. ఆ ఉత్సాహంలో 2013లో మా పక్కింటి ఆడమనిషికి సలహా చెప్పాను. ఆమె నాకు కోడలి వరస, మామా అని పిలుస్తుంది. ఆమె దగ్గర ఆరు నాటు పెట్టలుండేవి. వాటిలో నాలుగు మూడేళ్ళు దాటినవి. కాగితం మీద లెక్క వేసి చూపించి, "ఈ ముసలివాటిని మేపడం నష్టం, అమ్మేసి మేలుజాతివి తెచ్చుకో" అన్నాను. మా ఆవిడ లోపలి నుంచి, "ఏమండీ, ఊరికి సలహా చెప్పేముందు మన గంప కింద పిల్లల్ని ఏ కోడి లేపిందో చూడండి" అంది. మా ఇంట్లో ఉన్న ముసలి నల్ల పెట్టను కూడా నేను అమ్ముతానన్నాను గానీ ఆమె ముట్టుకోనివ్వలేదు.

పక్కింటామె నా మాట నమ్మి నాలుగింటినీ కదిరి సంతలో అమ్మింది. మిగిలిన రెండూ ఆ తర్వాత పండగలకు పోయాయి. మొదటి ఏడు గుడ్ల బుట్ట నిండింది. నన్ను చూసినప్పుడల్లా రెండు గుడ్లు చేతిలో పెట్టేది. రెండో ఏట వానలు సరిగా లేవు. మేత కొనాల్సి వచ్చింది. ఒళ్ళు బరువైన కోళ్ళు కుక్క తరిమితే చెట్టెక్కలేకపోయాయి. ఎండకు రెండు మూడు రొప్పి రొప్పి పోయాయి. పోయినవాటి స్థానంలో పిల్లలు రావాలంటే పొదిగే కోడి ఒక్కటీ లేదు. మూడో ఏటికి ఆమె పెరడు ఖాళీ అయింది.

అప్పటిదాకా ఆమె పొదుపు సంఘం కంతు కట్టింది పిల్లల్ని పెంచి అమ్మిన డబ్బుతోనే. ఆ సంగతి నాకు తెలియదు. నా కాగితంలో ఆ పద్దు లేదు. మూడు నెలలు కంతు కట్టలేకపోతే సంఘంలో మిగతావాళ్ళు సర్దారు. సిగ్గుపడి ఆమె మీటింగులకు వెళ్ళడం మానేసింది. ఒకరోజు ఎదురుపడితే, "నువ్వు చదువుకున్నోనివి, లెక్క చూపిస్తివి కదా మామా, అందుకే నమ్మితి" అంది. కోపంగా అని ఉంటే తట్టుకునేవాణ్ణి. మామూలుగానే అంది.

ఇందులో ఆ జాతుల తప్పు ఏమీ లేదని మనవి చేస్తున్నాను. గుడ్ల కోసం తయారుచేసిన కోడికి పొదిగే గుణాన్ని కావాలనే తగ్గిస్తారు. పొదుగుకు కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది గనుక, లెగ్‌హార్న్ వంటి జాతుల్లో తరతరాలుగా పొదగని కోళ్ళనే ఎంచి పెంచుతూ వచ్చారు. అక్కడ పొదిగే పని యంత్రం చేస్తుంది. మన పెరట్లో యంత్రం లేదు. యంత్రం పని చేస్తున్న కోళ్ళను అమ్మించి, గుడ్లు పెట్టే కోళ్ళను మాత్రం ఉంచిన తెలివి నాది.

లెక్క ఎట్లా రాయాలి

అప్పుడు నేను రిజిస్టరు మార్చాను. పాత రిజిస్టరులో కోడి, గుడ్లు అని రెండే కాలమ్‌లు ఉండేవి. కొత్తదానిలో ఏడు పెట్టాను. కోడి గుర్తు, పుట్టిన నెల, పెట్టిన గుడ్లు, పొదిగేసిన గుడ్లు, పగిలి వచ్చిన పిల్లలు, మూడు నెలలకు మిగిలిన పిల్లలు, చివర రిమార్కులు. గుర్తు కోసం కాలికి రంగు గుడ్డపీలిక వదులుగా కట్టాలి. బిగిస్తే కాలు వాస్తుంది.

2016లో మా ఇంట్లో రెండు పెట్టల లెక్క చదువుతాను. మేలుజాతి ఎర్ర పెట్ట 148 గుడ్లు పెట్టింది, పిల్లలు సున్న. మా ముసలి నల్ల పెట్ట కూతురు, అదీ నల్లదే, మూడు విడతల్లో 41 గుడ్లు పెట్టింది. 33 పొదిగేస్తే 26 పిల్లలయ్యాయి. గద్ద, ముంగిస, ఎండ, రోగం అన్నీ పోను మూడు నెలలకు 15 నిలిచాయి. ఎర్రదానికి రోజూ మేత వేశాను. నల్లది ఎక్కువగా పెంటకుప్ప మీద, చెదపుట్టల దగ్గర తన తిండి తాను వెతుక్కుంది. ఇప్పుడు ఏది పనిదొంగో మీరే చెప్పండి.

అలాగని ఎర్రదాన్ని అమ్మాలని కాదు. ఇంట్లో మనవళ్ళు, మనవరాళ్ళు తినడానికి గుడ్లు కావాలి. నేను చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఇది. ఎనిమిది పెట్టలు ఉంచుకుంటే మూడు గుడ్ల కోసం, అయిదు పొదగడానికి. ఎర్ర పెట్ట గుడ్లను నల్ల పెట్ట కింద పెట్టినా పొదుగుతుంది. అది తన గుడ్డా పరాయి గుడ్డా అని చూడదు.

ఆరో కాలమ్, అంటే మూడు నెలలకు మిగిలిన పిల్లలు, అన్నిటికన్నా ముఖ్యం. పన్నెండు పిల్లల్ని లేపి రెండింటిని మిగిల్చిన కోడికంటే, ఎనిమిది లేపి ఆరింటిని మిగిల్చిన కోడి మేలు. గద్ద నీడ కనబడగానే అరిచి పిల్లల్ని కంపకిందకు చేర్చే తల్లి ఒకటి, తన తిండి తాను చూసుకునే తల్లి ఒకటి ఉంటాయి. పొద్దున ఒక అరగంట అరుగు మీద కూర్చుని చూస్తే తెలిసిపోతుంది. మనకు ఆ అరగంట ఉంది.

పొదిగే కోడికి న్యాయం చేయకుండా దాని లెక్క చూడకూడదు. రోజూ పెట్టిన గుడ్డును తీసి చల్లటి చోట ఉంచాలి. వారం దాటిన గుడ్లను, ఎండాకాలమైతే నాలుగైదు రోజులు దాటినవాటిని పొదిగేయకపోవడం మంచిది. పది, పన్నెండుకు మించి పెడితే అంచున ఉన్నవి చల్లబడి మురిగిపోతాయి. ఏడో రోజు రాత్రి చీకట్లో టార్చిలైటు ముందు పట్టి చూస్తే, బతికిన గుడ్డులో ఎర్రటి నరాలు సాలెగూడులాగా కనబడతాయి. ఏమీ లేనివి తీసేయవచ్చు. ఈ పనులు మనం చేయకుండా కోడి మురగబెట్టిందనడం, గుమాస్తాకు కాగితం ఇవ్వకుండా ఫైలు కదలలేదనడం లాంటిది.

చేతితో చూసే గుర్తులు

గుడ్లు పెడుతున్న పెట్టను గుర్తుపట్టడానికి రిజిస్టరు లేకపోయినా ఫరవాలేదు. చీకటిపడ్డాక గూట్లో ఉన్నప్పుడు తీసుకుంటే బెదరదు. తల మీద జుట్టు ఎర్రగా, నిండుగా ఉండాలి. కన్ను తేటగా ఉండాలి. గుడ్డు వచ్చే ద్వారానికి రెండు వైపులా సన్నటి ఎముకలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్ళు పడితే గుడ్లు పెడుతున్నట్టు. ఒక వేలే పడితే పెట్టనట్టు. పొట్ట మెత్తగా ఉండాలి. పసుపు కాళ్ళ కోడి అయితే గుడ్లు పెట్టేకొద్దీ కాళ్ళలోని పసుపు పలచబడుతుంది. కాళ్ళు నిగనిగ పసుప్పచ్చగా, చూడముచ్చటగా ఉన్న పెట్ట చాలాసార్లు ఏ పనీ చేయనిదే. అందం చూసి ఉంచుకుంటే మోసపోతాం.

అయితే ఈ గుర్తులు ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. కోడి ఏడాదికొకసారి ఈకలు రాలుస్తుంది. అప్పుడు గుడ్లు ఆగుతాయి. పగటిపొద్దు తగ్గే కార్తీక, మార్గశిర మాసాల్లో గుడ్లు తగ్గడం సహజం. ఒక్కోసారి పెట్టినా మనకు కనబడదు. మా చుక్కల పెట్టకు నేను రెండు నెలలు "నిల్" అని రాసి అమ్మకానికి పెట్టాను. అమ్మే ముందురోజు గడ్డివామి వెనక పద్నాలుగు గుడ్లు బయటపడ్డాయి. విచారణ లేకుండా ఉత్తర్వు ఇవ్వరాదని అది నాకు గుర్తుచేసింది.

మేత సంగతి కూడా చూడాలి. మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. వానకు తడిసి బూజుపట్టిన శెనక్కాయలను "మనం తినలేం, కోళ్ళకు వేద్దాం" అంటాం. 1960లో ఇంగ్లాండులో లక్షకుపైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, అవి తిన్న వేరుశెనగ పిండిలోని బూజు విషమే కారణమని తేలింది. ఆ విషానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. అది కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. గుడ్లు తగ్గుతాయి, పిల్లలు ఎదగవు. మనం బూజు మేపి, కోడి మంచిది కాదని అమ్ముకుంటున్నామేమో చూసుకోవాలి.

పుంజు సంగతి

ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. మిగతా పుంజులను సంక్రాంతికి ముందే అమ్మడం మంచిది. ధర ఉంటుంది, పెట్టలకు పీడా తప్పుతుంది. నేను మొదట డేగ రంగు పుంజును దాని ఠీవి చూసి నాలుగేళ్ళు ఉంచాను. మూడో ఏటికి అది తన కూతుళ్ళతోనే కలిసింది. పొదిగేసిన గుడ్లలో మురిగినవి పెరిగాయి. వచ్చిన పిల్లలు నీరసంగా ఉండేవి. పెట్టలు చెడ్డవనుకున్నాను. పుంజును మార్చాక అవే పెట్టలు మళ్ళీ మంచివయ్యాయి. రెండేళ్ళకొకసారి పక్క ఊరివాళ్ళతో పుంజు మార్పిడి చేసుకుంటే డబ్బు ఖర్చు కూడా లేదు.

పుంజును ఎంచేటప్పుడు దాని తల్లి ఎవరో చూడాలి. పిల్లల్ని బాగా నిలిపిన పెట్ట కొడుకును ఉంచుకుంటే ఆ గుణం కొంతైనా కూతుళ్ళకు వస్తుంది. మెడ మీద ఈకలు లేని కోళ్ళను కొందరు చూడ్డానికి బాగుండవని అమ్మేస్తారు. ఈకలు తక్కువైన చోటు నుంచి ఒంటి వేడి బయటికి పోతుంది గనుక అవి ఎండకు మెరుగ్గా తట్టుకుంటాయి. మన ఎండల్లో ఆ బోడిమెడను తీసిపారేయకండి.

పందెం జాతి గురించి అడిగేవారుంటారు. అసీల్ మన రాష్ట్రానికి పేరు తెచ్చిన జాతి. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోడిపందెం తెలియని తెలుగువాడు లేడు. ఆ జాతి పెట్ట మంచి తల్లి, పిల్లల జోలికొస్తే కుక్క మీదికైనా దూకుతుంది. ఆ పెట్టను ఉంచుకోవచ్చు. పందెం మాత్రం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పింఛను తీసుకునేవాళ్ళం, పోలీసు స్టేషను అరుగు మనకెందుకు?

తీసివేయవలసినవి

గుడ్డు పగలగొట్టి తినడానికి అలవాటు పడ్డది, పరాయి పిల్లల్ని పొడిచి చంపేది, పొదుగు మధ్యలో వదిలి లేచిపోవడం రెండు మూడుసార్లు చేసింది, ఏడాదంతా చూసినా గుడ్డూ లేక పొదుగూ లేనిది, ఇవి పోవాలి. ఇంటికి కూరకో, సంతకో. ఇందులో మొహమాటం పనికిరాదు. నాలుగు పనికిరానివాటిని మేపితే నాలుగు పనికొచ్చేవాటి మేత తగ్గుతుంది.

కానీ జబ్బు కోడిని అమ్మకండి. ఇది చేతులు జోడించి చెప్తున్నాను. కొక్కెర తెగులు వచ్చిందనగానే మన ఊళ్ళల్లో బతికున్నవాటిని గంపకెత్తి సంతకు తీసుకుపోతారు. అట్లా ఒక ఊరి తెగులు పది ఊళ్ళకు పోతుంది. ఈ తెగులును 1926లో ఇంగ్లాండులోని న్యూకాసిల్ దగ్గర గుర్తించారు. మన దేశంలో 1920ల చివర్లో హిమాలయాల దగ్గరి రాణీఖేత్‌లో కనబడింది గనుక మనకు రాణీఖేత్ తెగులు. వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది. పిల్లలకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిది వారాలు దాటాక సూదిమందు. పశువుల ఆసుపత్రిలో అడగండి. నలుగురు ఇళ్ళవాళ్ళు కలిసి వేయించుకుంటే సీసా వృథా కాదు. టీకా వేయని మందలో ఏ కోడిని ఉంచుకోవాలనే ప్రశ్నకు అర్థం లేదు. దానికి జవాబు తెగులే చెప్తుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు ఏం జరిగిందో పేపర్లలో చూశాం. కారణం తెలియకుండా కోళ్ళు వరసగా చస్తుంటే కోసుకోకుండా, పారేయకుండా వెంటనే డాక్టరుకు చెప్పడం మన బాధ్యత.

నల్ల పెట్ట

ఇక చివరి మాట. వయసు సంగతి.

పెట్ట మొదటి రెండేళ్ళు బాగా పెడుతుంది, తర్వాత ఏటేటా తగ్గుతుందని పుస్తకాలన్నీ చెప్తాయి. అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని "మూడేళ్ళు దాటినవన్నీ అమ్మేయాలి" అని నేను గీత గీశాను. మనం ఈరోజు ఇక్కడ ఎందుకు కలిశామో గుర్తుచేసుకోండి. 1979 మార్చి 31కి ముందు విరమించినవారు, తర్వాత విరమించినవారు అని పింఛనుదారులను తేదీతో విడదీస్తే, అది సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పును తలచుకునే మనిషినే నేను, పెరట్లోకి వెళ్ళి తేదీ చూసి గీత గీశాను. కోడికీ పింఛనుదారుకూ పోలిక పెడుతున్నానని నవ్వకండి. కోడికి హక్కులున్నాయని కాదు నేను అనేది. తేదీ ఒక్కటే చూస్తే మనకే నష్టమని అంటున్నాను. పిల్లల్ని పెంచడం మొదటి ఏడు పెట్టకంటే నాలుగో ఏడు పెట్టకు బాగా తెలుసు. నా రిజిస్టరు చెప్పిన సంగతే ఇది.

2016 చివర మా నల్ల పెట్ట పిల్లల్లో నాలుగు పెట్టలు, వేరే ఊరి పుంజొకటి తీసుకుని పక్కింటికి వెళ్ళాను. "లెక్క తప్పింది నాది, అనుభవించింది నువ్వు" అన్నాను. ఆమె తీసుకోనంది. మా ఆవిడ వెళ్ళి, "ఆయన కోసం కాదు, నా కోళ్ళు నీ పెరట్లో కూడా తిరగాలని నాకుంది" అని చెప్తే తీసుకుంది. రెండేళ్ళలో ఆమె పెరడు నిండింది. సంఘం మీటింగులకు మళ్ళీ వెళ్తోంది. నేను రిజిస్టరు రాయమంటే నవ్వి, "రాసుకునేదేముంది మామా, ఏది ఏం చేస్తుందో నాకు తెలియదా?" అంది. తెలుసు. 2013లోనూ తెలుసు. ఆ రోజు నేను ఆమెను అడగలేదు, చెప్పాను. నా తప్పంతా అక్కడే ఉంది.

2021లో మా ఆవిడ పోయింది. అప్పటికి నల్ల పెట్టకు ఆరేళ్ళు. ఏడాదికి పది పన్నెండు గుడ్లు పెడితే గొప్ప. కళ్ళం అయ్యాక యథాప్రకారం రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంకెలు చూస్తే దాన్ని తీసేయాలి. ఆ రాత్రి రిమార్కుల కాలమ్‌లో ఏమీ రాయలేక మూసేశాను. మమకారంతో ఉంచుకుంటే నేను ఇంతసేపూ చెప్పిన పద్ధతికి విలువేముంది? వారం తర్వాత "ఒక పొదుగు చూడవలెను" అని రాశాను. 2022లో మాఘమాసంలో అది తొమ్మిది గుడ్లు పెట్టి కూర్చుంది. వాటితో ఎర్రదానివి రెండు కలిపి కింద పెట్టాను. ఎనిమిది పిల్లలయ్యాయి, ఆరు నిలిచాయి. ఆ తర్వాత గుడ్డు పెట్టలేదు. రిమార్కుల్లో "ఉంచవలెను" అని రాసి, కింద కారణం రాయలేదు. నా సర్వీసులో కారణం రాయకుండా పెట్టిన సంతకం అదొక్కటే. ఏడాది తర్వాత ఒక పొద్దున గంప ఎత్తితే కదలలేదు. వేపచెట్టు మొదట్లో పూడ్చాను. ఇప్పుడు మా పెరట్లో ఉన్న ఎనిమిది పెట్టల్లో అయిదు దాని సంతతివే.

కాబట్టి నేను మనవి చేసేది ఇంతే. గుడ్లు ఒక్కటే లెక్కపెట్టకండి, మూడు నెలలకు నిలిచిన పిల్లల్ని లెక్కపెట్టండి. వయసు ఒక్కటే చూడకండి, ఏడాది పొడవునా చేసిన పని చూడండి. పుంజును రెండేళ్ళకొకసారి మార్చండి, టీకా మరవకండి, జబ్బు కోడిని సంతకు పంపకండి. మీ ఇంటి కోళ్ళ గురించి నిర్ణయం చేసేముందు వాటికి రోజూ గింజ చల్లే మనిషిని అడగండి. ఇంకొకరి కోళ్ళ గురించైతే సలహా ఇవ్వకముందు రెండుసార్లు అడగండి. నష్టం వస్తే పోయేది వాళ్ళ కంతు డబ్బు, మన పింఛను కాదు.

 రిజిస్టరు చూడదలచినవారు మా ఇంటికి రావచ్చు. పొద్దున వస్తే కోళ్ళను కూడా చూడవచ్చు.